కూపన్ల డబ్బాలో మా ఇంటిపేరు

ద్వారకా నగర్‌లో ఒక బట్టల షాపు ముందు, ఇనుప ర్యాంపు మీద, లక్కీ డ్రాలో ఇచ్చే ఎర్ర కారును ఏటవాలుగా నిలబెట్టి ఉంచారు. బానెట్ మీద రిబ్బనుతో పెద్ద ముడి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి వచ్చేవాళ్లు దాని ముందు ఆగి ఫోటోలు దిగేవారు. మా ఆవిడ ఫోటో దిగేది కాదు. డ్రైవరు వైపు అద్దానికి రెండు అరచేతులూ అడ్డం పెట్టుకుని లోపలికి తొంగి చూసేది. స్టీరింగు, గేరు రాడ్డు, కింద పెడళ్లు. చూసినంతసేపు చూసి, చేతులు దులుపుకుని, "క్లచ్ కొంచెం దగ్గరగా ఉన్నట్టుందండీ" అనేది, రేపో మాపో తనే నడపబోతున్నట్టు.

ఆవిడకు డ్రైవింగ్ లైసెన్సు ఉంది. కారు లేదు. యాభై దాటాక, పెందుర్తిలో మా వీధి చివర డ్రైవింగ్ స్కూలు బోర్డు చూసి, నాకు చెప్పకుండా చేరిపోయింది. లైసెన్సు పోస్టులో వచ్చిన రోజే నాకు సంగతి తెలిసింది. "ఈ వయసులో ఎందుకు?" అన్నాను. "నడపాలనిపించిందండీ, అంతే" అంది. వాళ్ల నాన్నగారు గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో పనిచేశారు. టౌన్‌షిప్‌లోని వెడల్పాటి రోడ్ల మీద స్కూటరు నడుపుతూ పెరిగిన మనిషి మా ఆవిడ. పక్కన కూర్చుని ప్రయాణించడం ఆవిడకు ఎప్పుడూ పెద్దగా నచ్చలేదు.

కారుకు అడ్డం ఆవిడ వయసు కాదు, మా ఇంటి నియమాలు. మా తాతగారి కాలంలో మాది గోగునార వ్యాపారం. వన్‌టౌన్‌లో గోదాములు, ఒక మేడ, ఒక కారు ఉండేవి. నేను పుట్టేనాటికి గోదాములు పరాయివాళ్లవి, మేడ తాకట్టులో ఉంది, కారును ఎవరో పలాస మనిషి తోలుకుంటున్నాడు. మా నాన్నగారు నాకు ఆస్తి ఇవ్వలేదు. కొన్ని నియమాలు ఇచ్చారు. అప్పు చేయకూడదు. పరాయివాళ్లు వాడి వదిలిన వస్తువు ఇంట్లోకి తేకూడదు. ఎవరి దగ్గరా ఏదీ ఊరికే పుచ్చుకోకూడదు. కొత్త సంవత్సరానికి కిరాణా షాపువాడు క్యాలెండరు ఇస్తే, ఆయన ఒక అగ్గిపెట్టె కొని, దానికి డబ్బులిచ్చి, అప్పుడు క్యాలెండరు అందుకునేవారు. నేనూ అంతే. నిటారుగా నడవడం తప్ప మాకు వేరే నడక రాదు.

ఈ నియమాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే మా ఇంటికి కారు రావడానికి దారే లేదు. కొత్తది కొనే స్తోమత లేదు. అప్పు చేయం. పాతది ముట్టం. ఊరికే వస్తే పుచ్చుకోం.

మా ఆవిడ ఇందులో ఒక సందు కనిపెట్టింది.

"ఊరికే ఏంటండీ? రెండు దుప్పట్లు కొన్నాం కదా. కూపను ఖరీదు కూడా ఆ దుప్పట్ల మీదే వేసుంటారు వాళ్లు. మనం డబ్బిచ్చి కొన్నదే ఇది."

  కూపను వేయమన్నాను.

అయితే ఆవిడ ఎక్కడపడితే అక్కడ వేసే మనిషి కాదు. కూపను కోసం వస్తువు కొనదు. కొనవలసిన వస్తువు ఉన్నప్పుడు కూపను ఇస్తే తీసుకుంటుంది. ఫోన్‌లో చక్రం తిప్పండి, లింకు నొక్కండి, పదిమందికి పంపండి అని వచ్చేవాటిని చదవకుండానే తుడిచేస్తుంది. షాపులో కూపను చేతికి రాగానే కళ్లజోడు పెట్టుకుని వెనకవైపు సన్నక్షరాలు మొదట చదువుతుంది. దుప్పట్లు కొన్న రోజు కౌంటరు ముందు నిలబడి ఆవిడ ఆ కుర్ర సేల్స్‌మన్‌ను అడిగిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"పోయినసారి కారు ఎవరికొచ్చింది బాబూ?"

"మధురవాడ మేడమ్ ఒకరికొచ్చిందండి."

"మధురవాడలో ఎక్కడ?"

"అది మేనేజరు గారికి తెలుసు మేడమ్."

"అయితే ఆయన్ని పిలవండి."

మేనేజరు వచ్చాడు. పోయినసారి కారు తాళాలు అందుకుంటున్న ఆవిడ ఫోటో గోడ మీద చూపించాడు. మా ఆవిడకు అది చాలలేదు.

"గెలిచినవాళ్లే పన్ను కట్టుకోవాలని రాశారు. ఆ పన్ను మీకు కట్టాలా, ప్రభుత్వానికా?"

"ప్రభుత్వానికేనండి. చలానా మీ పేరు మీదే వస్తుంది. అది చూశాకే బండి ఇస్తాం."

"డ్రా ఎక్కడ తీస్తారు?"

"ఇక్కడేనండి, అందరి ముందూ. గెలిచినవాళ్లు కూపను సగం ముక్క, ఆధార్ కార్డు చూపించాలి. పేర్లు కలవాలి."

అప్పుడే నాకు ఒక ఇబ్బంది వచ్చింది. బనియన్లు కొన్నవాళ్లూ, తువ్వాళ్లు కొన్నవాళ్లూ వేసిన డబ్బాలో మా ఇంటిపేరు పడటం నాకు నచ్చలేదు. ఆవిడ పేరొక్కటీ రాస్తే చాలదా అన్నాను.

"ఆధార్‌లో ఉన్నట్టు రాయకపోతే వచ్చిన కారు కూడా పోతుందండీ. ఇంటిపేరుకి ఏమీ కాదు, డబ్బాలో ఊపిరాడుతుంది" అంది.

ఫోన్ నంబరు మాత్రం ఆవిడది రాయలేదు. వంటింట్లో పాత బటన్ల ఫోన్ ఒకటి ఉంది, దాని నంబరు రాసింది. దానికి బ్యాంకు లేదు, వాట్సాప్ లేదు. ఎవరైనా పిలిస్తే మోగుతుంది, అంతే. కూపను సగం ముక్కను ఫోటో తీసి దాచింది. పేరు, ఊరు, నంబరు తప్ప ఇంకేమీ రాయలేదు. నా కళ్ల ముందే జరిగింది ఇదంతా. అయినా నేను నేర్చుకోవలసినంత నేర్చుకోలేదని తర్వాత తేలింది.

ఆ చలికాలం బీచ్ రోడ్డు దగ్గర ఎగ్జిబిషన్ పెట్టారు. మా ఆవిడ ఏటికొప్పాక బొమ్మల దుకాణం దగ్గర ఆగింది. నేను పక్కకు నడిచాను. అక్కడ ఒక బల్ల, బల్ల మీద గాజుపెట్టె, వెనక గుడ్డ మీద అచ్చువేసిన కారు బొమ్మ. అదే ఎరుపు. బల్ల దగ్గర మనిషి లేడు. దారంతో కట్టిన పెన్ను ఒకటి, కాగితాలు ఉన్నాయి. నింపి వేయండి, కారు గెలవండి అని రాసి ఉంది.

ఆవిడకు చెప్పకుండా ఒకటి వేద్దామనిపించింది. నా ఉద్యోగమంతా పోర్టులో, ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో గడిచింది. ఓడ మీద వచ్చిన సరుకుకు కాగితాలు రాసి, సుంకం కట్టించి, సరుకును గేటు దాటించడం మా పని. ఆ పనిలో ఒక్క గడి ఖాళీగా వదిలినా కాగితం తిరిగొస్తుంది. అందుకని నా చేతికి ఖాళీ గడి కనబడితే ఊరుకోదు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, నెలసరి ఆదాయం, అన్నీ ముత్యాల్లా రాశాను. ఫోన్ నంబరు దగ్గర నా నంబరే రాశాను. ఇక్కడ నేనేమీ కొనలేదు కదా, ఊరికే వేస్తున్నానే అని మనసు పీకింది. పది రూపాయల నోటు ఒకటి కాగితంలో పెట్టి మడిచి పెట్టెలో వేశాను. అప్పుడు హాయిగా ఉంది.

మా ఆవిడ చెక్క లక్కపిడతలు పట్టుకుని వచ్చింది. సంగతి చెప్పాను.

"కారేదండీ?"

"బొమ్మ ఉంది కదా."

"బొమ్మ అందరి దగ్గరా ఉంటుంది. షాపు ఏది? డ్రా ఎప్పుడు? ఎవరు తీస్తారు?" బల్ల మీద కాగితం ఒకటి తీసి తిప్పి చూసింది. "వెనకాల ఏమీ లేదు."

"ముందువైపు చాలా ఉంది" అన్నాను.

"ముందువైపు ఉన్నవన్నీ మీవండీ! వాళ్లది ఒక్కటీ లేదు."

జడలోంచి పిన్ను తీసి పెట్టె సందులో పెట్టి నా కాగితం పైకి లాగబోయింది. జనం చూస్తున్నారు. మా వంశంలో ఎవరూ ఎగ్జిబిషన్‌లో డబ్బా తవ్వలేదు. చెయ్యి పట్టుకుని ఇవతలికి తెచ్చాను. దారంతా ఆవిడ ఒకటే మాట, "నోటు కూడా పెట్టారా, నిజంగా పెట్టారా?" అని. మర్నాడు నన్ను బ్యాంకుకు తీసుకెళ్లి, సంగతి చెప్పించి, పిన్ నంబరు మార్పించింది.

కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది. గొంతు మర్యాదగా ఉంది. ఇంటిపేరుతో సహా నా పేరంతా పలికి, చివర గారు చేర్చి, కారు నాకు వచ్చిందన్నాడు. నన్ను ఆ మర్యాదతో పిలిచినవాళ్లు ఈమధ్య ఎవరూ లేరు. అయినా నా సంగతి నేను చెప్పాను.

"సంతోషం. కానీ నేను ఏదీ ఊరికే పుచ్చుకోను."

 ఆ వృత్తిలో అతనికి ఎవరూ ఆ మాట చెప్పి ఉండరు. అయినా వెంటనే అందుకున్నాడు.

"తెలుసండీ. మీ కాగితంలో పది రూపాయల నోటు చూసినప్పుడే అనుకున్నాం, ఈయన పెద్దమనిషి అని. ఇది కూడా ఊరికే కాదండీ. మీరు పన్ను, రిజిస్ట్రేషను రుసుము ముందుగా కట్టాలి. కట్టాకే బండి మీ ఇంటికి వస్తుంది."

వేరే ఎవరైనా ఆ మాటకు ఫోన్ పెట్టేసి ఉండేవారు. నాకు మాత్రం అప్పుడే అతని మీద నమ్మకం కుదిరింది. సుంకం కట్టాకే సరుకు గేటు దాటుతుంది. నేను జీవితమంతా చూసింది అదే. పైగా డబ్బు కడుతున్నాను కాబట్టి పుచ్చుకోవడంలో తలవంపు లేదు. మా నాన్నగారి నియమం నిలిచింది, మా ఆవిడకు కారు వస్తోంది. వీపు ఇంకొంచెం నిటారుగా పెట్టుకుని వంటింట్లోకి నడిచాను.

ఆవిడ వంకాయలు వేయిస్తోంది. నేను చెప్పింది విని స్టవ్వు కట్టేసింది.

"డబ్బులడిగారా?"

"అడిగారు. నాకు నచ్చిందే అది."

"ఏవండీ, గెలిచినవాళ్లని డబ్బులడిగితే అది మోసం. నేను చదివిన ప్రతిదాంట్లోనూ అదే రాస్తారు."

"షాపు మేనేజరు కూడా పన్ను కట్టాలనే అన్నాడు కదా?"

"ప్రభుత్వానికి అన్నాడు. చలానా నా పేరు మీద అన్నాడు. మీవాడు ఎవరికి కట్టమన్నాడు?"

"ఒక ఫోన్ నంబరుకు పంపమన్నాడు."

ఆవిడ నన్ను చూసిన చూపు గురించి ఎక్కువ రాయను. నాకూ పట్టుదల వచ్చింది. ఆ మనిషి అంత మర్యాదగా మాట్లాడాడు, నేను మాటిచ్చాను, ఆదివారం కడతానని చెప్పాను.

ఆదివారం మా బావ వచ్చాడు. మా చెల్లెలి భర్త. శ్రీకాకుళం పల్లెలో వ్యవసాయం కుటుంబం, ఇప్పుడు అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు చూస్తాడు. మా ఆవిడ ఫోన్ చేసి పిలిపించిందని అతను గుమ్మంలో అడుగు పెట్టగానే తెలిసింది.

"ఏటి బావా, కారు గెలిసీసినావంట! సెల్లెమ్మ సెప్పినాది. మరి స్వీట్లేవి?"

"ఇంకా రాలేదు. పన్ను కట్టాలి."

"గెలిసినోడు కట్టడమేటి? మా ఊర్లో పందెంలో పొట్టేలు గెలిసినోడు కూడా పైసా కట్టడు, ఇంటికి తోలుకెల్లిపోతాడు."

"పొట్టేలుకు రిజిస్ట్రేషను ఉండదు బావా."

"నీతోటి సెప్పనేను. సెల్లెమ్మా, నువ్వే సెప్పు."

మా ఆవిడ కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టింది. కోపంగా మాట్లాడుతుందనుకున్నాను. మామూలుగా అడిగింది.

"ఏవండీ, పోర్టులో ఎప్పుడైనా ఓడ పేరు తెలీకుండా సుంకం కట్టారా?"

నేను గ్లాసు అందుకోబోతున్నాను. చెయ్యి అక్కడే ఆగింది. ఓడ పేరు, ఏ రేవు నుంచి వచ్చింది, పంపినవాడెవడు, పెట్టెల మీద గుర్తులేమిటి, ఇవేవీ లేకుండా సుంకం కట్టమని ఎవరైనా నా బల్ల దగ్గరకు వచ్చి ఉంటే, నేను కుర్చీ కూడా చూపించేవాణ్ని కాదు.

"ఫోన్ ఇటు తే" అన్నాను.

స్పీకరు పెట్టి పిలిచాను. అతను వెంటనే ఎత్తాడు. గారు అలాగే ఉంది.

"డబ్బు సిద్ధంగా ఉంది" అన్నాను. "బండి ఛాసిస్ నంబరు చెప్పండి, రాసుకుంటాను."

"అదంతా తర్వాతండీ, ముందు ఫీజు..."

"దేనికి కడుతున్నానో తెలియాలి కదా. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, ఇన్‌వాయిస్ ఎవరి పేరున ఉంది, బండి ఇప్పుడు ఏ గోదాములో ఉంది?"

"బండి కలకత్తా గోడౌన్‌లో ఉందండీ."

"కలకత్తాలో ఎక్కడ? రేవు దగ్గర నాకు తెలిసినవాళ్లున్నారు. రేపు పొద్దున్నే మనిషిని పంపి చూపిస్తాను."

"అంటే... నిన్ననే బొంబాయి పంపించామండీ."

మా బావ ఉండబట్టలేకపోయాడు. "ఇందాకే కలకత్తా గదేటి? అప్పుడే బొంబాయి ఎల్లిపోనాదా? అది కారా, ఇమానమా?"

"పక్కన ఎవరండీ?"

"మా బావ. నా మనిషే. చెప్పండి, బొంబాయిలో ఏ గోదాము?"

"సార్, టైము లేదు సార్. గంటలో కట్టకపోతే కారు నెక్స్ట్ పర్సన్‌కి వెళ్లిపోతుంది. పోనీ ఫీజు వద్దు, మీ ఫోన్‌కి ఇప్పుడు ఒక నంబరు వస్తుంది. అది చదివి చెప్పండి చాలు."

నిజంగానే ఫోన్ టింగుమంది. మా ఆవిడ వంగి ఫోన్‌లోకి మాట్లాడింది.

"మా ఆయన అది చెప్పరండి. ఆయన ఊరికే తీసుకోరు, ఊరికే ఇవ్వరు."

అవతలివాడి గొంతు మారిపోయింది. "ఏరా ముసలోడా, ఈ వయసులో నీకు కారెందుకురా?"

"ఒరే ఎదవా, మా బావని ఏటన్నావ్? ఏ ఊరురా నీది? బేగి సెప్పు, వచ్చీస్తాను!" అంటూ మా బావ లేచి నిలబడ్డాడు, అతను వీధిలోనే ఉన్నట్టు.

నేను చెయ్యి ఎత్తి బావను ఆపాను. "ఇంతసేపూ గారు అన్నావు, అందుకు సంతోషం. పది రూపాయలు నీ దగ్గరే ఉంచుకో" అని ఫోన్ కట్టేశాను.

బావ నవ్వుతూ కూలబడ్డాడు. "పది రూపాయలేటి?" అన్నాడు. మా ఆవిడ చెప్పింది. ఆ తర్వాత అతన్ని ఆపడం ఎవరి తరం కాలేదు. "డబ్బాలో దచ్చిణ ఏసీసినావా బావా!" అని తొడ కొట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. మా ఆవిడ మాత్రం ముందు సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేసి, అతని నంబరు ఇచ్చి, అప్పుడు వచ్చి నవ్వింది.

అసలు డ్రా రోజు వచ్చింది. ద్వారకా నగర్ వెళ్లాం. డ్రా తీసేచోట మనం ఉండాలని ఆవిడ నియమం. వచ్చినా రాకపోయినా ఎలా తీశారో చూడాలి. షాపు ముందు పందిరి, మైకు, జనం. అందరి ముందూ పెద్ద డబ్బాను దొర్లించి, తలుపు తీసి, ఒక కూపను తీశారు. గాజువాక అమ్మాయి పేరు చదివారు. మా ఆవిడ ముఖం ఒక్క క్షణం వాడింది. వెంటనే చప్పట్లు కొట్టింది. ఆ అమ్మాయి, ఆమె భర్త వేదిక ఎక్కారు. సగం ముక్క, ఆధార్ చూపించారు. మేనేజరు రెండు పేర్లూ మైకులో చదివి కలిశాయన్నాడు. మోసం లేని పని చూడటానికి బాగుంటుంది. నేనూ చప్పట్లు కొట్టాను.

వాళ్లు దిగి వస్తుంటే మా ఆవిడ ఎదురెళ్లి ఆ అమ్మాయి చేతులు పట్టుకుంది.

"చాలా సంతోషం అమ్మా. ఇంట్లో కారుందా ఇదివరకు?"

"ఉందాంటీ, చిన్నది. అదిగో, ఆ పక్కన పెట్టాం."

"మరి దాన్ని ఏం చేస్తారు?"

ఆ అమ్మాయి భర్త వైపు చూసింది. అతను నవ్వి, "రెండు పెట్టుకోడానికి చోటేదండీ? అమ్మీడమే" అన్నాడు.

మా ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను ర్యాంపు మీది కారును చూశాను.  పాతది వద్దని దాని అర్థం, అది ఆవిడకు బాగా తెలుసు.

పెందుర్తి బస్సు కిక్కిరిసి ఉంది. ఆడవాళ్లకు ఇప్పుడు సిటీ బస్సులో ప్రయాణం ఉచితం. నేను నాది కొనుక్కున్నాను. ఇద్దరం కడ్డీ పట్టుకుని నిలబడ్డాం. కంచరపాలెం దాటాక ఆవిడ మొదలుపెట్టింది, మెల్లగా కాదు. 

"చూడని కారుకి డబ్బు కట్టబోయారు. చూసిన కారు వద్దంటున్నారు."

"ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం."

"ఇంటికెళితే మీరు మాట్లాడరు. పేపరు చదువుతారు."

"అది పరాయివాళ్లు వాడిన బండి."

"ఈ బస్సు ఎవరు వాడిందండీ? ఈ కడ్డీ ఎంతమంది పట్టుకున్నారు? నాకు గెలవాలని లేదు. నాకు నడపాలని ఉంది. కూపన్లు వేసింది అందుకు. వేరే దారి మీరు ఉంచలేదు కాబట్టి."

పక్క సీట్లో ఖాళీ చేపల తట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలామె తలెత్తింది.

"ఓ బాబూ, ఆయమ్మ నడపతానంతంటే నీకేటి నొప్పి? పక్కన కూకో."

నలుగురు నవ్వారు. బస్సులో మా ఇంటి విషయం పదిమంది నోళ్లలో పడింది. మామూలుగా అయితే నేను తర్వాతి స్టాపులో దిగిపోయేవాణ్ని. దిగలేదు. మా నాన్నగారి నియమం ఎందుకు పుట్టిందో అప్పుడు ఆలోచించాను. మా కారును పరాయివాళ్లు తోలుతుంటే చూసి ఆయన పడ్డ బాధలోంచి పుట్టింది అది. ఆ బాధ ఆయనది. కడ్డీ పట్టుకుని ఊగుతున్న ఈ మనిషికి అందులో ఏ భాగమూ లేదు. ఆవిడ పుట్టింటివాళ్లకు అసలు కారే లేదు, పోగొట్టుకోవడానికి.

"ఆ అబ్బాయి ఫోన్ నంబరు తీసుకున్నావా?" అన్నాను.

"తీసుకోకుండా వస్తానా?"

"బేరం ఆడవద్దు. అది మర్యాద కాదు."

"మర్యాద మీరు చూసుకోండి, బేరం నేను చూసుకుంటాను."

గాజువాక వెళ్లినప్పుడు బావ కూడా వచ్చాడు, తనకు తెలిసిన మెకానిక్కును వెంటబెట్టుకుని. మెకానిక్కు ఇంజను చూశాడు. నేను కాగితాలు చూశాను. ఆర్సీ, ఇన్సూరెన్సు, బ్యాంకు అప్పు తీరిపోయినట్టు పత్రం, కట్టని జరిమానాలు ఏవైనా ఉన్నాయేమో అదీ. తర్వాత టార్చిలైటు పట్టుకుని బానెట్ కిందికి వంగి ఛాసిస్ నంబరు మీద దుమ్ము తుడిచి, ఒక్కొక్క అక్షరం ఆర్సీతో కలిపి చదివాను. ఉద్యోగం మానేశాక ఇంత సంతోషంగా ఏ పనీ చేయలేదు. ఆ అబ్బాయి నా వెనక నిలబడి, "సార్ షోరూమ్‌వాళ్లు కూడా ఇంత చూడలేదు" అన్నాడు. "వాళ్ల పని వాళ్లు చేయలేదన్నమాట" అన్నాను.

బేరం మా ఆవిడ ఆడింది. నేను బయటికి వెళ్లి వీధి చూస్తూ నిలబడ్డాను. బావ కిటికీలోంచి తొంగి చూసి, "బావా, సెల్లెమ్మ సంపీసినాది ఆల్లని" అని సంబరంగా చెప్పాడు. అప్పు లేకుండా, దాచుకున్న డబ్బులోంచే ఖరీదు కట్టాం. పేరు మార్పు కాగితాల మీద సంతకాలయ్యాయి. ఇన్సూరెన్సు కూడా మా పేరుకు మారేదాకా బండి కదలడానికి వీల్లేదన్నాను. నా మాట నెగ్గింది అక్కడే.

తర్వాతి వారం బండి తెచ్చుకోవడానికి వెళ్లాం. ఆవిడ డ్రైవరు సీట్లో కూర్చుంది. సీటు ముందుకు జరిపింది, అద్దం సరిచేసింది, చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం రాకుండా దోపుకుంది. నేను వెనక సీటు తలుపు తీయబోయాను. "ముందు కూర్చోండి. వెనక కూర్చుంటే నేను మీ డ్రైవరునవుతాను" అంది. ముందు కూర్చున్నాను.

గాజువాక సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోయింది. వెనక లారీలు హారన్లు మోగించాయి. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి లారీవాణ్ని ఆగమన్నాను. ఆవిడ కంగారు పడలేదు. మళ్లీ తాళం తిప్పి, క్లచ్ వదిలి, బయల్దేరదీసింది. ఎన్‌ఏడీ దగ్గర వంతెన ఎక్కుతుంటే పాట ఒకటి తనలో తను అందుకుంది. గోపాలపట్నం, వేపగుంట దాటాం. వెనకాల బావ మోటారు సైకిలు మీద వస్తున్నాడు. అప్పుడప్పుడు పక్కకు వచ్చి ఏదో అరిచి మళ్లీ వెనక్కి పోతున్నాడు.

పెందుర్తి వచ్చింది. మా వీధి మలుపు వచ్చింది. వెళ్లిపోయింది.

"మన మలుపు దాటిపోయింది" అన్నాను.

"చూశానండీ."

"మరి?"

"పెట్రోలుంది కదా."

గేరు మార్చింది. కొత్తవలస రోడ్డు ముందు ఖాళీగా కనిపించింది. నా ఫోన్ మోగింది. బావ.

"ఏటి బావా, ఇల్లు మర్సిపోనారేటి? ఎక్కడికెల్తన్నారు?"

"నాకు తెలియదు బావా" అన్నాను. "నువ్వు ఇంటికెళ్లి కూర్చో. నడిపేది నేను కాదు."